డబ్బా గిటార్‌కి నట్ ఎంత వెడల్పు, తీగల మధ్య ఎంత ఎడం: మొదటి కొలత నుంచి చివరి గాడి దాకా

చెక్క డబ్బాతో నాలుగు తీగల గిటార్ చేసుకునేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: "నట్ ఎన్ని మి.మీ. పెట్టాలి?" నట్ అంటే నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి చెక్క) చివర, బిరడాల వైపు, తీగలు కూర్చునే గాడులున్న చిన్న ముక్క. 38 అని ఒక సంఖ్య చెప్పేయొచ్చు. కానీ ఆ ఒక్క సంఖ్య పట్టుకుని నట్ కోసేసినవాళ్లు మళ్లీ వచ్చి, ఒకటో తీగ (అన్నిటికన్నా సన్నది) అంచు మీంచి జారిపోతోంది, పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దాటితే వాయించడం కుదరట్లేదు అంటున్నారు. నట్ వెడల్పు మొదట అనుకుని కూర్చునే కొలత కాదు, లెక్క చివర్లో తేలే కొలత. అంచున ఎంత వదలాలి, మీ వేళ్లకి తీగల మధ్య ఎంత ఖాళీ కావాలి, బ్రిడ్జ్ (డబ్బా మీద తీగలు ఆనే ముక్క) దగ్గరికి వెళ్లేసరికి తీగలు ఎంత విచ్చుకుంటాయి, ఈ మూడూ ముందు తేలాలి.

ఉదాహరణకి 635 మి.మీ. స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు, 25 అంగుళాలు), నాలుగు స్టీల్ తీగలు, లావు తీగ నుంచి సన్న తీగకి జి–డి–జి–బి శ్రుతి, టేకు రీపర్‌తో (సన్నని చెక్క పట్టీ) చేసిన నెక్ తీసుకుంటున్నాను. మీ వాద్యం వేరైతే సంఖ్యలు మారతాయి గానీ పని వరస ఇదే.

1. మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

- డిజిటల్ కాలిపర్. మామూలు కొలబద్దతో అర మి.మీ. తేడా కనిపించదు, ఈ పనంతా అర మి.మీ.ల మీదే నడుస్తుంది.
- మీరు నిజంగా వేయబోయే తీగల సెట్.
- చిత్రిక పట్టడం పూర్తయిన నెక్.
- ఎం6 బోల్ట్ ఒకటి, మర పూర్తిగా ఉన్నది, కనీసం 50 మి.మీ. పొడవు.
- కుట్టు దారం, టేపు, బాగా చెక్కిన పెన్సిల్.
- నట్ ముక్క: ఎముక, ఇత్తడి, లేదా గట్టి ప్లాస్టిక్. టేకు ముక్కతో సరిపెట్టొద్దు, స్టీల్ తీగ దాన్ని కోసుకుంటూ కిందికి దిగిపోతుంది.

టింబర్ డిపోలో ఒకటిన్నర అంగుళం రీపర్ అని ఇస్తే 38 మి.మీ. ఉందని అనుకోకండి. అది చిత్రిక పట్టకముందు కొలత కావచ్చు, నున్నగా అయ్యేసరికి 36కి దిగొచ్చు. నెక్ మీద మూడు చోట్ల, అంటే నట్ వచ్చే చోట, పన్నెండో ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర కాలిపర్‌తో కొలిచి కాగితం మీద రాసుకోండి. మూడూ ఒకేలా లేకపోతే అన్నిటికన్నా తక్కువ ఉన్నదే మీ లెక్కకి ఆధారం.

2. ఎలా వాయిస్తారో తేల్చుకోండి

స్లైడ్ (తీగల మీద జరిపే గొట్టం) తోనే వాయిస్తానంటే తీగలు ఎంత దూరంగా ఉన్నా ఇబ్బంది లేదు, పైగా దూరంగా ఉంటేనే ఒక్కో తీగని విడిగా మీటడం తేలిక. కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) ఎక్కువ పట్టేవాళ్లకి మధ్యస్థంగా ఉండాలి. మరీ దగ్గరైతే పక్క తీగకి వేలు తగులుతుంది, మరీ దూరమైతే చిటికెన వేలు అందదు.

వీణ నేర్చుకుని ఈ డబ్బా గిటార్ మీద గమకం పలికించాలనుకునేవాళ్లు కొందరున్నారు. వాళ్లకి కావాల్సింది వేరు. తీగని పక్కకి లాగాలి కాబట్టి, లాగే వైపు చోటు ఉండాలి. ఒకటో తీగని అంచు వైపు లాగితే ఫ్రెట్ మీంచి జారిపోతుంది, లోపలికి, అంటే రెండో తీగ వైపు నెట్టాలి. అలా నెట్టేటప్పుడు రెండో తీగ వేలి కిందికి రాకుండా ఉండాలంటే మామూలుకన్నా ఒకటి, ఒకటిన్నర మి.మీ. ఎక్కువ ఎడం పెట్టుకోవడం మంచిది.

3. తీగల లావు మి.మీ.లోకి మార్చండి

ప్యాకెట్ మీద ఉండే అంకెలు అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. 0.0254తో గుణిస్తే మి.మీ. వస్తుంది. మామూలు 10 సెట్‌లో 10, 13, 17, 26, 36, 46 ఉంటాయి. జి–డి–జి–బి కోసం అందులోంచి నాలుగు తీస్తాం: ఎ తీగని జి దాకా దించుతాం, డి, జి, బి తీగలు వాటి శ్రుతిలోనే ఉంటాయి.

- నాలుగో తీగ (36): 0.91 మి.మీ.
- మూడో తీగ (26): 0.66
- రెండో తీగ (17): 0.43
- ఒకటో తీగ (13): 0.33

మొత్తం 2.33 మి.మీ. ఈ అంకె పక్కన రాసుకోండి.

4. ముందు అంచు వదలండి

బయటి తీగ అంచు నుంచి ఫ్రెట్‌బోర్డ్ (నెక్ మీద ఫ్రెట్లు ఉండే పై భాగం) అంచు దాకా ఉండే ఖాళీ ఇది. చాలామంది దీన్ని చివర్లో మిగిలినంత వదిలేస్తారు, సమస్యలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఫ్రెట్ చివరలని చేతికి గుచ్చుకోకుండా వాలుగా రాస్తాం కదా, ఆ వాలు అంచు నుంచి దాదాపు 1 మి.మీ. లోపలికి వస్తుంది. అంటే మీరు 3 మి.మీ. వదిలితే తీగకి నిజంగా దక్కేది 2 మాత్రమే. ఇంట్లో ఆకురాయితో రాసేవాళ్ల వాలు ఇంకా లోపలికి పోతుంది కాబట్టి నా సలహా 4 మి.మీ. చేతి పని మీద నమ్మకం ఉంటే 3.5. నట్ దగ్గర అంతకన్నా తగ్గించొద్దు.

ఒకటో తీగ వైపు జాగ్రత్త ఎక్కువ కావాలి. సన్న తీగ తేలిగ్గా కదులుతుంది, వేలితో కిందికి లాగి వదిలే ప్రతిసారీ అంచు వైపు వెళ్తుంది. చోటు చాలకపోతే లావు తీగ వైపు 3.5కి తగ్గించండి, సన్న తీగ వైపు మాత్రం 4 ఉంచండి.

5. లెక్క వేయండి

నెక్ ఇంకా కోయకపోతే ఇలా:

నట్ వెడల్పు = రెండు అంచులు + తీగల మొత్తం లావు + (ఎడం × తీగల సంఖ్యలో ఒకటి తక్కువ)

ఎడం 9 మి.మీ. కావాలనుకుంటే: 8 + 2.33 + 27 = 37.33. నెక్ 37.5 మి.మీ. చేసుకోండి.

నెక్ ఇప్పటికే ఉంటే అదే లెక్క వెనక నుంచి. 38 మి.మీ. నెక్: 38 లోంచి అంచులకి 8 తీసేస్తే 30. అందులోంచి 2.33 తీసేస్తే 27.67. మూడుతో భాగిస్తే 9.22. చిత్రిక పట్టాక 36కి దిగిన నెక్ అయితే 8.56 వస్తుంది, అది కూడా హాయిగా వాయించుకోగలిగిన ఎడమే.

ఇప్పుడు 38 మి.మీ. నట్ మీద తీగల నడిమి గుర్తులు, లావు తీగ వైపు అంచు నుంచి:

- నాలుగో తీగ: 4.5 మి.మీ.
- మూడో తీగ: 14.5
- రెండో తీగ: 24.2
- ఒకటో తీగ: 33.8

ఇక్కడ ఒక చర్చ ఎప్పుడూ వస్తుంది. తీగల నడిమి నుంచి నడిమికి సమానంగా పెట్టాలా, తీగల మధ్య ఖాళీ సమానంగా పెట్టాలా? పైన వేసింది ఖాళీ సమానంగా ఉండే లెక్క. నడిమి నుంచి నడిమికి సమానంగా పెడితే గుర్తులు 4.5, 14.2, 24, 33.8 దగ్గర పడతాయి. లావు తీగల మధ్య ఖాళీ 9.01, సన్న తీగల మధ్య 9.41. ఈ 0.4 మి.మీ. తేడా నాలుగు తీగల వాద్యంలో వేలికి పెద్దగా తెలియదు, కాబట్టి మీకు ఏది తేలికైతే అది చేయండి.

ఆరు తీగలైతే మాత్రం ఖాళీయే సమానంగా ఉండాలి. 43 మి.మీ. నట్, 3 మి.మీ. అంచులు, 10 సెట్ తీసుకుంటే ఖాళీ 6.65 మి.మీ. చొప్పున వస్తుంది. అదే నడిమి లెక్కలో పెడితే ఐదు, ఆరు తీగల మధ్య 6.2, ఒకటి, రెండు తీగల మధ్య దాదాపు 7 అవుతుంది. ముప్పావు మి.మీ. తేడా కంటికీ కనిపిస్తుంది, వేలికీ తగులుతుంది.

6. బ్రిడ్జ్ దగ్గర ఎంత విచ్చుకోవాలి

ఈ ఒక్క అంచెని వదిలేసినందుకే ఎక్కువ గిటార్లు పాడవుతున్నాయి, కాబట్టి నిదానంగా చదవండి.

కొన్న గిటార్ నెక్ చూస్తే నట్ దగ్గర సన్నగా, డబ్బా దగ్గర వెడల్పుగా ఉంటుంది. తీగలు కూడా అలాగే విచ్చుకుంటాయి కాబట్టి అంచున ఖాళీ పొడవునా నిలుస్తుంది. మన రీపర్ నెక్ అలా కాదు, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే 38 మి.మీ. దాని మీద కొన్న గిటార్ లాగే తీగలు విచ్చుకునేలా పెడితే ఏమవుతుందో చూడండి.

నట్ దగ్గర బయటి తీగల మధ్య 30 మి.మీ. బ్రిడ్జ్ దగ్గర 40 పెట్టారనుకుందాం. పన్నెండో ఫ్రెట్ స్కేల్‌కి సరిగ్గా సగంలో ఉంటుంది, అక్కడ తీగల వెడల్పు 35. అంచున మిగిలేది ఒక్కో వైపు 1.5 మి.మీ. పద్దెనిమిదో ఫ్రెట్ నట్ నుంచి దాదాపు 65 శాతం దూరంలో ఉంటుంది, అక్కడ వెడల్పు 36.5, మిగిలేది ముప్పావు మి.మీ. ఫ్రెట్ వాలే 1 మి.మీ. తినేస్తుంది కాబట్టి తీగ కింద ఫ్రెట్టే ఉండదు. నట్ దగ్గర కొలతలన్నీ సరిగ్గా ఉన్నా ఈ గిటార్ పై ఫ్రెట్లలో వాయించలేరు.

అదే బ్రిడ్జ్ దగ్గర 33 మి.మీ. పెడితే? పన్నెండో ఫ్రెట్ దగ్గర అంచున 3.25, పద్దెనిమిదో ఫ్రెట్ దగ్గర 3 మిగులుతుంది. సరిపోతుంది. మీటే చేతికి ఇరుకవుతుందేమో అని భయపడక్కర్లేదు. 33 మి.మీ.లో నాలుగు తీగలంటే నడిమి నుంచి నడిమికి 10.8 వస్తుంది, మామూలు అకూస్టిక్ గిటార్ బ్రిడ్జ్ దగ్గర ఉండేది కూడా దాదాపు అంతే.

మీ నెక్‌కి సరిచూసుకునే పద్ధతి:

1. చివరి ఫ్రెట్ వచ్చే చోట నెక్ వెడల్పు కొలవండి.
2. అందులోంచి 6 మి.మీ. (ఒక్కో వైపు 3) తీసేయండి. అక్కడ తీగలు ఆక్రమించగలిగే గరిష్ఠ వెడల్పు అది.
3. దాంట్లోంచి నట్ దగ్గరి తీగల వెడల్పు తీసేయండి.
4. వచ్చినదాన్ని, చివరి ఫ్రెట్ స్కేల్‌లో ఎన్నో వంతులో ఉందో దానితో భాగించండి. పన్నెండు ఫ్రెట్లయితే 0.5, పద్దెనిమిదైతే 0.65.
5. దానికి నట్ దగ్గరి వెడల్పు కలిపితే బ్రిడ్జ్ దగ్గర దాటకూడని హద్దు తేలుతుంది.

పైన చెప్పిన 38 మి.మీ. నెక్, 18 ఫ్రెట్లు: 38 − 6 = 32. 32 − 30 = 2. 2 ÷ 0.65 = 3.1. హద్దు 33.1.

లెక్క మీద ఆధారపడి ఊరుకోకండి. నట్ మీద బయటి తీగల గుర్తుల దగ్గర రెండు దారాలు టేపుతో అంటించి, బ్రిడ్జ్ గుర్తుల దాకా బిగుతుగా లాగి అక్కడా అంటించండి. ఇప్పుడు నెక్‌ని కంటికి ఎదురుగా పట్టుకుని చివరి ఫ్రెట్ దగ్గర రెండు వైపులా దారానికీ అంచుకీ మధ్య ఖాళీ చూడండి. ఒకవైపు 4, ఇంకోవైపు 2 కనిపిస్తే నెక్ డబ్బాలో వంకరగా కూర్చుందన్నమాట. దాన్ని ఇప్పుడు సరిచేయండి. నట్ గాడులు పక్కకి జరిపి కప్పిపుచ్చితే కింది ఫ్రెట్లలో ఇంకో తప్పు మొదలవుతుంది.

7. నట్ కోసే ముందు బోల్ట్ మీద ట్రయల్

ఎం6 బోల్ట్ మరల మధ్య దూరం సరిగ్గా 1 మి.మీ. అందుకే అది మంచి ట్రయల్ నట్. బోల్ట్ తల కోసేసి, నట్ ఉండాల్సిన చోట పెట్టి, తీగలు ఎక్కించి మర సందుల్లో కూర్చోబెట్టండి. ఒక సందు పక్కకి జరిపితే 1 మి.మీ. జరిగినట్టు. తీగలన్నీ కలిపి అర మి.మీ. పక్కకి రావాలంటే తీగలు వదులు చేసి బోల్ట్‌ని అర చుట్టు తిప్పి మళ్లీ బిగించండి.

జి–డి–జి–బి శ్రుతిలో పెట్టి ఇవి వాయించి చూడండి:

- సి మేజర్ కార్డ్: మూడో తీగ 2వ ఫ్రెట్, ఒకటో తీగ 1వ ఫ్రెట్, రెండూ, నాలుగూ ఖాళీ. రెండు వేళ్ల మధ్య ఇరుక్కున్న రెండో తీగ స్పష్టంగా మోగాలి. మోగకపోతే ఎడం చాలట్లేదు.
- 1వ ఫ్రెట్ దగ్గర చూపుడు వేలు ఉంచి, చిటికెన వేలిని నాలుగో తీగ 4వ ఫ్రెట్ మీదికి చాపండి. మణికట్టు మెలితిరిగితే ఎడం ఎక్కువైంది.
- ఒకటో తీగని పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి వేలిని గట్టిగా ఊపండి. జారకూడదు.
- కళ్లు మూసుకుని తీగలు ఒక్కోటీ మీటండి. చేయి వెతుక్కోకుండా తగలాలి.

వేలి కొన వెడల్పు కొలిచి దాన్నిబట్టి ఎడం నిర్ణయించమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. ఆరు తీగల గిటార్‌లో ఎడం 7 మి.మీ. కూడా ఉండదు, అయినా లావు వేళ్లవాళ్లు హాయిగా వాయిస్తున్నారు, ఎందుకంటే వేలు నిలువుగా వంచి నొక్కుతారు. మీ చేతి అలవాటు కాలిపర్‌కి దొరకదు, బోల్ట్ మీద వాయిస్తేనే తెలుస్తుంది. ఒక పూట వాయించాక కూడా బాగుందనిపించిన దూరాలే కాలిపర్‌తో కొలిచి రాసుకోండి, అవే మీ కొలతలు.

8. గాడులు కోయడం

గుర్తులన్నీ ఒకే అంచు నుంచి కొలిచి పెట్టండి. ఒక తీగ నుంచి పక్క తీగకి, అక్కడి నుంచి ఇంకోదానికి కొలుచుకుంటూ వెళ్తే ప్రతిసారీ కాస్త తప్పు కలిసి చివరికి అర మి.మీ. దాటుతుంది.

బ్లేడుతో చిన్న గీత కోయండి. ఆ గీతల్లో తీగలు వదులుగా కూర్చోబెట్టి మళ్లీ కొలవండి. గాడి లోతు తక్కువ ఉన్నంతసేపూ పక్కకి జరపడం తేలిక. బయటి రెండూ ముందు, లోపలివి తర్వాత.

హ్యాక్‌సా బ్లేడ్ సన్న తీగలకి పనికిరాదు, గాడి మరీ వెడల్పవుతుంది. నట్ ఆకురాళ్ల సెట్ ఖరీదు అనిపిస్తే గ్యాస్ వెల్డింగ్ సామాన్ల షాపులో నాజిల్ శుభ్రం చేసే టిప్ క్లీనర్ల సెట్ అడగండి. సన్నటి గరుకు కడ్డీలు రకరకాల మందాల్లో ఉంటాయి. ఏది ఎంత మందమో కాలిపర్‌తో చూసుకుని తీగకన్నా 0.05 నుంచి 0.1 మి.మీ. ఎక్కువున్నది వాడండి.

గాడి అడుగు బిరడాల వైపు వాలాలి, తీగ ఫ్రెట్‌బోర్డ్ వైపు అంచు మీదే ఆనాలి. పై నుంచి చూస్తే గాడి ఆ తీగ బిరడా ఉన్న దిశకి కాస్త తిరిగి ఉండాలి. పూర్తయ్యాక తీగ లావులో సగం గాడి పైకి కనిపించాలి. లోతు సరిపోయిందా అన్నది చూడాలంటే 2, 3 ఫ్రెట్ల మధ్య తీగ నొక్కి 1వ ఫ్రెట్ మీద ఖాళీ చూడండి, పలచని కాగితం దూరేంత ఉంటే అక్కడితో ఆపేయండి.

ఎముక రాసేటప్పుడు మాస్క్ తప్పనిసరి.

9. తేడా వస్తే

*ఒకటో తీగ అంచు దాటుతోంది.* ముందు దారం పరీక్ష మళ్లీ చేయండి. నెక్ తిన్నగానే ఉంటే, కదిలే బ్రిడ్జ్‌ని లావు తీగ వైపు 1 మి.మీ. జరపండి. అప్పటికీ కింది ఫ్రెట్లలో జారుతుంటే కొత్త నట్ కోయాల్సిందే.

*గాడి పక్కకి పోయింది, లేదా వెడల్పై ఖాళీ తీగ గరగరమంటోంది.* నట్ రాసినప్పుడు వచ్చిన ఎముక పొడి గాడిలో నింపి ఒక చుక్క సూపర్ గ్లూ వేయండి. గట్టిపడ్డాక మళ్లీ కోయండి. వంట సోడాతోనూ అవుతుంది గానీ వేడి పుట్టి ఘాటు పొగ వస్తుంది, కిటికీ తీసి, మొహం దూరంగా పెట్టి చేయండి.

*శ్రుతి చేస్తుంటే టిక్కుమని శబ్దం వచ్చి ఒక్కసారిగా పైకి గెంతుతోంది.* తీగ గాడిలో పట్టేస్తోంది. గాడి కాస్త వెడల్పు చేసి, పెన్సిల్ ముల్లు పొడి రాయండి.

*అన్నీ సరిగ్గానే ఉన్నాయి, వేళ్లు మాత్రం ఇరుకు అంటున్నాయి.* ఇక నెక్ మారదు కాబట్టి ఒక తీగ తగ్గించండి. అదే 38 మి.మీ. మీద మూడు తీగలు (36, 26, 17) 5 మి.మీ. అంచులతో వేస్తే ఎడం 13 మి.మీ. వస్తుంది, జి–డి–జి శ్రుతిలో స్లైడ్‌కి చాలా బాగుంటుంది.

10. వేరే వాద్యాలు చేసేవాళ్లకి

వేలితో నొక్కి వాయించే మూడు తీగల గిటార్‌కి 32 మి.మీ. నట్, 4 మి.మీ. అంచులు, ఎడం 11. ఉకులేలేకి 35 నుంచి 38, నైలాన్ తీగలు లావుగా ఉంటాయి కాబట్టి లావు కొలిచాకే లెక్క వేయండి. ఆరు తీగల ఎలక్ట్రిక్‌కి 42–43, అకూస్టిక్‌కి 43–44.5, నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి 50–52 వాడుకలో ఉన్న కొలతలు.

మాండొలిన్‌కి 28–30 మి.మీ.లో ఎనిమిది తీగలు పట్టాలి. అక్కడ జంటనే ఒక తీగగా లెక్కేయండి, జంటలోని రెండు తీగల నడిమిల మధ్య 2 నుంచి 2.5 మి.మీ. చాలు. మరీ దగ్గర పెడితే లావు జంట మోగేటప్పుడు ఒకదానికొకటి తగులుతుంది. గమకాల కోసం చేస్తున్నవాళ్లు ఈ జంటల జోలికి పోకండి. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతం వాయించింది ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే. ఒంటి తీగలకి పైన 5వ అంచెలోని లెక్కే పనికొస్తుంది.

11. అతికించే ముందు చూసుకోవాల్సినవి

- చివరి ఫ్రెట్ దగ్గర రెండు వైపులా అంచు 3 మి.మీ. తగ్గలేదు.
- నాలుగు తీగలూ గాడి అడుగున ఆనుతున్నాయి, ఏదీ పక్క గోడ మీద నిలబడలేదు.
- నట్ చివరలు నెక్ అంచుతో సమంగా ఉన్నాయి, చేతికి గుచ్చుకోవట్లేదు.
- పూర్తి టెన్షన్‌లో శ్రుతి చేసి, ఒక రాత్రి ఉంచి, మళ్లీ చూశారు.

అప్పుడు తీగలు వదులు చేసి, నట్ అడుగున రెండు చోట్ల మాత్రం చుక్క జిగురు పెట్టండి. పొడవునా పూయొద్దు. తీగల సెట్ మార్చినప్పుడు గాడుల వెడల్పు మార్చాల్సి రావచ్చు, అప్పుడు చిన్న చెక్క ముక్క ఆనించి సుత్తితో తడితే నట్ విరక్కుండా ఊడి రావాలి.